చిట్టీత పొద కింద

నాకు నలభై ఒకటో ఏట కొండెక్కే ఉద్యోగం దొరికింది. అంతకు ముందు పదకొండేళ్ళు విజయనగరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. ఏటేటా పిల్లలు తగ్గిపోయి, చివరి ఏడు బైపీసీలో నలుగురే మిగిలితే యాజమాన్యం ఆ గ్రూపే ఎత్తేసింది. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాక, నాకు ఎమ్మెస్సీలో పాఠాలు చెప్పిన ప్రొఫెసరుగారు ఫోన్ చేశారు. "అరకు కొండల్లో మొక్కల సర్వే ఒకటి ఉందమ్మా. మూడేళ్ళ ప్రాజెక్టు. నిజానికి కుర్రవాళ్ళు చేసే పని. నువ్వు చెయ్యగలవా?" అన్నారు. చెయ్యగలనన్నాను. చెయ్యలేనని చెప్పడానికి చేతిలో ఇంకో పని ఉండాలి కదా.

పని చెప్పుకోవడానికి చిన్నదే. అనంతగిరి దాటాక ఘాట్ రోడ్డు పక్క నుంచి ఒక కొండ మీదికి కాలిబాట పోతుంది. ఆ బాట వెంట కింది నుంచి నెత్తి దాకా ఐదు చోట్లు ఎంచుకున్నాం. ప్రతి చోటా నేల మీద మీటరు పొడుగు, మీటరు వెడల్పు ఇనప చట్రం పరిచి, దాని లోపల ఏయే మొక్కలు ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. సగం చట్రాలు పొదల మీద, సగం పక్కనున్న బోడి నేల మీద. పొద చాటున మొక్కలు బాగా బతుకుతాయా, ఆరుబయట బతుకుతాయా అన్నది ప్రొఫెసరు సారుకి తెలియాలి. ఏడాదికి మూడుసార్లు వెళ్ళాలి: తొలకరి పడ్డాక ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి, ఎండలు ముదిరే ముందు ఒకసారి. రాసుకోవాలి, ఫోటో తియ్యాలి. ఏదీ ముట్టుకోకూడదు.

చట్రం మొయ్యడానికీ దారి చూపడానికీ కొండ కింది ఊళ్ళో ఒకావిడ కుదిరింది. అరవై దాటి ఉంటాయి. ఎన్నేళ్ళని అడిగితే "నాకేటి తెల్సు" అని నవ్వేది. భర్త పోయాడు. కొడుకు, కోడలు, ఇంటి వెనక కాసిని కాఫీ చెట్లు, నాలుగు ఆవులు. ఇంట్లో వాళ్ళతో ఆదివాసీ ఒరియాలో మాట్లాడేది, నాతో తెలుగులో. నేను పెద్దమ్మా అని పిలిచాను. ఆమె నన్ను మేడమ్మా అంది.

మొదటి రోజు నెత్తి మీదికి ఎక్కేసరికి నాకు ఊపిరాడలేదు. ఆమె చట్రం దింపి, నా వంక చూస్తూ నిలబడింది.

"ఏటి మేడమ్మా, ఈ గడ్డి లెక్కెట్టడానికేటి అంత దూరం నుంచొచ్చినావు?"

"పొదల కింద ఏం మొలుస్తాయో చూడాలి పెద్దమ్మా."

"అది నన్నడిగితే సెప్పీదాన్ని గదా."

"అయితే చెప్పు."

ఆ కొండ నెత్తి మీద చెట్లు లేవు. గాలికి ఒక వైపుకి వాలిన గడ్డి, నల్లటి బండలు, అక్కడక్కడా మోకాలెత్తు దాటని చిట్టీత పొదలు. ఈత చెట్టుకి చెల్లెలు లాంటిది. ఆకు కొసలు సూదుల్లా ఉంటాయి. ఆవిడ కర్రతో ఒక పొద మట్టల్ని పైకెత్తి లోపల చూడమంది. వంగి చూశాను. బయట నేల తొలకరి తడి ఆరి గట్టిపడి ఉంటే, అక్కడ కుళ్ళిన ఆకుల కింద మట్టి చల్లగా, తడిగా ఉంది. నా వేలంత పొడుగున్న ఉసిరి మొలక ఒకటి నిలబడి ఉంది. పక్కన కరక మొలకలు రెండు, నాకు పేరు తెలియని తీగ ఒకటి.

"ఇది బయటుంటే ఆవు మేసేస్తాది, లేపోతే ఎండకి మాడిపోతాది. ఈ ముళ్ళలో ఏ గొడ్డూ మూతెట్టదు. దీని సాటున నాలుగేళ్ళు దాక్కుని, తల పైకెత్తినాక ఇంకెవుడికీ బయపడదు" అంది.

మూడేళ్ళ ప్రాజెక్టు సారాంశం రెండు నిమిషాల్లో చెప్పేసింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "మరింకేటి రాసుకుంటావు?" అని నిజంగానే అడిగింది.

కింది మూడు చోట్ల సంగతి వేరు. అక్కడ చట్రం పరచడానికే చోటు లేదు. రోడ్డు అంచు నుంచి కొండ నడుం దాకా ఒకే మొక్క. మనిషెత్తు పొదలు, మూడు ఈనెల ఆకు, నలిపితే ముక్కు పట్టేసే ఘాటు. చలికాలంలో లేత ఊదా రంగు పూలు గుత్తులుగా పూసి, మాఘం వెళ్ళేసరికి ఎండి, దూదితోక ఉన్న గింజలు గాలికి లేస్తాయి. పుస్తకాల్లో దానికి పెద్ద పేరుంది, సముద్రం అవతలి నుంచి వచ్చిన మొక్క అని కూడా ఉంది. పెద్దమ్మ దాన్ని రోడ్డు మొక్క అనేది.

"మా పెల్లయినప్పుడు ఇది లేదు. రోడ్డేసినప్పుడు కంకర లారీలొచ్చినాయి. ఆ యెనకాలే ఇదొచ్చింది. ముందు రోడ్డు పక్కనే ఉండీది. పూలు బాగున్నాయని మా గుంటలు తల్లో ఎట్టుకున్నారు కూడా. ఆవులు తినవు, మేకలు తినవు. మా పోడు ఇదిగో, నువ్వు నిలబడ్డావే, ఇదే. కొట్టినాం, కాల్చినాం. కొట్టినకొద్దీ రెండింతలు లెగిసింది. మరి మా ఆయన పోయినాడు, వొదిలేసినాం."

అది అంత తేలిగ్గా చెప్పేసింది. ఆ చోట చోళ్ళు, సామలు పండాయంటే నా ఊహకి అందలేదు. ఆ పొదల మధ్య దూరి చట్రం పరవబోయి నేను అరచెయ్యి కోసుకున్నాను. చట్రం మూల వదులైపోయి అంచు లేచి ఉంది, చూసుకోలేదు. రక్తం చూసి ఆమె చటుక్కున ఆ మొక్క ఆకులే గుప్పెడు తుంచి, అరచేతుల మధ్య నలిపి, రసం గాయం మీద పిండింది. భగ్గున మండింది. కాసేపటికి రక్తం ఆగిపోయింది.

"దీనికి ఈ ఒక్క మంచి గునం ఉంది. పోడు మింగినాదని ఇది కూడా కాదంటే ఎలగ?" అంది.

అలా ఏడాది పైన గడిచింది. గడిచింది అనడం సులువే గానీ, గడవలేదు, లాక్కొచ్చాం. అరకులో నేను అద్దెకున్న గదిలో వానాకాలమంతా బట్టలు ఆరేవి కావు. పొద్దున్నే షేర్ జీపులో మిరియాల బస్తాలకి మోకాళ్ళు ఆనించి కూర్చుని దిగి, మధ్యాహ్నానికి నెత్తి మీదికి చేరి, సాయంత్రం అదే జీపు కోసం రోడ్డు మీద నిలబడి, గదికొచ్చి ఆ తడి కాగితాలు ఫ్యాను కింద ఆరబెట్టి కంప్యూటర్లోకి ఎక్కించేదాన్ని. పండగల ముందు టూరిస్టుల కార్లతో రోడ్డు నిండిపోతే జీపులో రెండేసి గంటలు కూర్చునేదాన్ని. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఎందుకు ఈ పని అని అడిగేవాళ్ళు ఎవరూ లేకపోవడం ఒక రకంగా మంచిదే అయింది.

ఆ పనిలో నాకు ఇష్టమైనది నెత్తి మీద భోజనం వేళ ఒక్కటే. ఒక పెద్ద చిట్టీత పొద పక్కన బండ ఉంది. మా చట్రాల్లో ఒకటి ఆ పొద మీదే. మొదటి రోజు చూసిన ఉసిరి మొలక దాని కిందే. ఆ బండ మీద కూర్చుని తినేవాళ్ళం. నేను బూట్లు విప్పి, కాళ్ళు చాపుకుని, మేజోళ్ళకి అంటుకున్న ముళ్ళూ గింజలూ ఒక్కొక్కటి గిల్లి పక్కన పడేసేదాన్ని. ఆమె కర్రతో మట్టలెత్తి ఉసిరిని చూసి "బతికే ఉంది" అనేది. జానెడు పెరిగిందప్పటికి.

ఒకసారి కాఫీ తోటల మీదుగా దిగుతుంటే, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లనే పట్టుకుని ఎగబాకిన మిరియాల తీగ చూపించి, మొక్కలు ఒకదానికొకటి ఎలా ఆసరా అవుతాయో చెప్పబోయాను. పాఠం చెప్పే అలవాటు పోలేదు నాకు. ఆమె అంతా విని, "ఆ ఓకు సెట్టూ బయటిదే. కాఫీ కూడా బయటిదే. అయితే అవి మనం పిలిస్తే వచ్చినాయి" అంది. 

రెండో ఏడు కార్తీకంలో, వానలు తగ్గాక, పైకి వెళ్ళాం. ఎప్పటిలాగే బండ మీద భోజనం పెట్టుకుని, ఆమె మట్టలెత్తింది. ఎత్తినదల్లా అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"మేడమ్మా, సూడు."

ఉసిరి పక్కన రెండు రోడ్డు మొక్కలు. మోకాలెత్తు ఉన్నాయి, కానీ ఈత మట్టల్లో కలిసిపోయి బయటికి తెలియలేదు. తొలకరి లెక్కలప్పుడు వేలెడంత ఉండి ఉంటాయి, నా కంటికి ఆనలేదు. ఇంకెక్కడైనా ఉన్నాయేమోనని ఆ నెత్తంతా తిరిగాను. లేవు. నాలుగో చోట కూడా లేవు. నడుం దాకా ఉన్న మొక్క మధ్యలో ఎక్కడా కనపడకుండా నేరుగా ఇక్కడికి, నేను బూట్లు విప్పుకునే బండ పక్కకి ఎలా వచ్చిందో అర్థం కావడానికి ఎక్కువ చదువు అక్కర్లేదు. నిరుడు మాఘం తర్వాత కింది పొదల్లోంచి నడిచొచ్చి, మేజోళ్ళు గిల్లుకుంటూ నేనే పడేశాను. గాలికీ ఎండకీ బోడి నేల మీద ఎండిపోయి ఉండేవేమో. చిట్టీత పొద వాటికి కూడా నీడనిచ్చింది, తడినిచ్చింది, ముళ్ళు అడ్డం పెట్టింది. ఉసిరికి ఏం చేసిందో వీటికీ అదే చేసింది.

ఆమె అప్పటికే చెయ్యి లోపల పెట్టి ఒక కాండాన్ని పిడికిట పట్టుకుంది.

"ఆగు పెద్దమ్మా. సారుని అడగాలి."

నెత్తి మీద ఒక మూల సిగ్నల్ దొరుకుతుంది. సారుకి చెప్పాను. ఆయన గొంతులో హుషారు స్పష్టంగా వినపడింది. "ముట్టుకోకండి. ఇప్పుడే కదమ్మా అసలు విషయం మొదలైంది! పొద ఇక్కడి మొక్కలకే సాయం చేస్తుందా, వలస వచ్చినవాటికీ చేస్తుందా? మన కళ్ళముందే తేలుతుంది."

"సార్, అది నా మేజోళ్ళ మీద వచ్చినట్టుంది."

"ఎలాగైనా వస్తుందమ్మా. ఆవులు తేవా, మనుషులు తేరా? ఇవాళ కాకపోతే రేపు వచ్చేదే. నువ్వు తేదీ రాసుకో, ఫోటో తియ్యి."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి అది చట్రంలో ఒక అంకె. నాకూ ఎక్కువ రోజులు అంతే కదా.

తిరిగొచ్చి, "వద్దంటున్నారు" అన్నాను.

"ఎవుడు?"

"సారు."

"ఆ సారు ఇక్కడికి ఒక్కపాలైనా వచ్చినాడా?"

నేను ఫోను సంచిలో పెట్టేసుకున్నాను. ఆమె కాండం వదిలేసి, అరచెయ్యి చీరకి తుడుచుకుని, తినకుండానే చట్రం నెత్తిన పెట్టుకుని దిగడం మొదలుపెట్టింది. నేను ఫోటోలు తీసి, తేదీ రాసుకుని, వెనక దిగాను. దారి పొడుగునా ఆమె వీపే కనపడింది.

పుష్యమాసంలో, లెక్కలు లేని రోజుల్లో, ఒక్కదాన్నే పైకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో జీపు దిగేదాకా నాకే తెలియదు. రెండు మొక్కలూ పూశాయి. సంచిలో కత్తెర ఉంది. మొక్కల్ని ముట్టుకోకపోయినా ఆ పూగుత్తులు తుంచేస్తే సరిపోయేది. గింజ కట్టేది కాదు. బండ మీద గంట సేపు కూర్చున్నాను. తుంచలేదు. ఉద్యోగం పోతుందన్న భయం వల్ల అని ఇప్పుడు చెప్పుకోవచ్చు. అందులో నిజం సగమే. ఏమవుతుందో చూడాలని నాకూ ఉంది. మిగతా సగం అది, దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు.

ఎండలు ముదిరే ముందు లెక్కలకి పెద్దమ్మ రాలేదు. మోకాళ్ళ నొప్పులని కోడలి చేత కబురు చేసింది. చట్రం నేనే మోశాను. నా మోకాళ్ళు కూడా నొప్పులే, అయినా ఎవరికి చెప్పను? పైన ఆ రెండు మొక్కలూ ఎండి నిలబడి ఉన్నాయి. పూగుత్తులున్న చోట ఖాళీ తొడిమలు. దూదిలో ఒక్క పోగు కూడా మిగల్లేదు. గాలి ఆ రోజు కూడా బాగానే వీస్తోంది.

తొలకరి పడ్డాక మళ్ళీ నేనొక్కదాన్నే ఎక్కాను. చట్రం పరిచిన ప్రతి పొద కిందా, దాదాపు ప్రతి పొద కిందా, రెండాకుల నుంచి బెత్తెడు దాకా మొలకలు. బోడి నేల మీద చట్రాల్లో వెతికితే ఒకటీ అరా, అవీ వాడిపోతూ. పెద్ద పొద కింద మొలకలు లెక్కపెట్టలేక, గళ్ళు గీసి నాలుగో వంతు లెక్కపెట్టి గుణించాను. ఉసిరి వాటి మధ్య ఉంది. ఆకులు పసుపు తిరిగాయి. వెలుతురు కోసం ఒక పక్కకి వంగిపోయింది.

సారుకి అంకెలు పంపాను. సాయంత్రం ఫోన్ చేశారు. "ఇంత స్పష్టంగా రావడం చాలా అరుదమ్మా. చాలా మంచి ఫలితం" అన్నారు. సంతోషమని చెప్పి పెట్టేశాను. ఆ మర్నాడు జీపెక్కి నేరుగా పెద్దమ్మ ఊరికి వెళ్ళాను.

ఆమె అరుగు మీద కూర్చుని అడ్డాకులు కుడుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను అరుగు చివర కూర్చున్నాను.

"మోకాళ్ళెలా ఉన్నాయి పెద్దమ్మా?"

"మోకాళ్ళకేటి. బాగున్నాయి."

విస్తరి ఒకటి పూర్తి చేసి పక్కన పెట్టి, ఇంకొకటి మొదలుపెట్టింది.

"పైన చాలా మొలిచాయి" అన్నాను.

"తెల్సు. ఆవుల కోసం పోయి మా కోడలు సూసొచ్చింది."

"తప్పు నాదే పెద్దమ్మా."

"తప్పని సెప్పడానికొచ్చినావా, పీకడానికొచ్చినావా?"

 ఆమె పుల్ల పక్కన పెట్టి మొదటిసారి నా మొహం చూసింది.

"ఆ నెత్తి మీద మాకు పోడు లేదు, తోట లేదు. ఆవుల్ని మేపుతాం. సీపుర్లకి ఈతాకు కోత్తాం. ఇలాగే పొదల సాటున పెరిగిన ఉసిరీ కరకా ఆ పక్క లోయలో కాయలిత్తే ఏరుకుంటాం. కిందంతా అది మింగేసినాక మాకు మిగిలింది ఆ నెత్తొక్కటే. నువ్వు మోసుకొచ్చినావని నాకు కోపం లేదు. గింజ ఎవుడికైనా అంటుకుంటాది. నా సీర కుచ్చిల్లకి అంటుకోలేదా? కల్లెదుట ఎట్టుకుని సూత్తా కూకున్నావు సూడు, దానికొచ్చింది కోపం."

నాకు ఏడుపు రాలేదు. చాలా అలసటగా అనిపించింది, ఒక్కసారిగా, కొండెక్కి దిగినదానికన్నా ఎక్కువ. "పీకడానికే వచ్చాను" అన్నాను.

"మీ సారు?"

"నేను చెప్పుకుంటాను."

పుల్ల మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "రేపు సంత. ఎల్లుండి రా. వానలో రా, తడి మీదైతేనే వేరుతోటి వస్తాది. పొడుగు సేతుల సొక్కా ఏసుకో గుంటా, ఈత ముల్లు సెయ్యి సీరేస్తాది."

నలభై మూడేళ్ళ మనిషిని చిన్నపిల్లని పిలిచినట్టు గుంటా అంది. మేడమ్మ అనడం ఆ రోజుతో మానేసింది.

ఆమె చెప్పిన రోజున ఆరుగురం ఎక్కాం. పెద్దమ్మ, కోడలు, ఊళ్ళోంచి ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు, నేను. సన్నటి తుంపర. పని చూడ్డానికి తేలిక, చేస్తే కాదు. మట్టల్ని ఒకరు కర్రతో ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకరు బోర్లా పడుకున్నట్టు వంగి, మొలకని మొదట్లో పట్టుకుని మెల్లగా లాగాలి. గుంజితే తెగుతుంది. తెగితే మిగిలిన మొదలు మళ్ళీ చిగురిస్తుంది. పక్కనున్న కరక మొలక ఊడి రాకుండా చూసుకోవాలి. పీకినవి నేల మీద పడెయ్యకూడదు, వానలో మళ్ళీ వేరు దిగుతాయి. అన్నీ బండ మీద వేళ్ళు పైకి పెట్టి పరిచాం. మధ్యాహ్నానికి నా చొక్కా చేతులు చిల్లులు పడ్డాయి. వేళ్ళ నిండా ముళ్ళు.

దట్టంగా ఉన్న ఒక పొద దగ్గర, ఊరి ఆడవాళ్ళలో ఒకామె విసిగిపోయి నడుం నించి కత్తి తీసింది. "ఈ ఈత పొదలే లేపోతే ఇది ఇక్కడ మొలవదు గదా. అన్నీ నరికీసి పోదుము. బేగి అయిపోద్ది" అంది.

అందులో తర్కం లేకపోలేదు. నేను రెండేళ్ళు రాసిన కాగితాలు కూడా అదే చెబుతాయి. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ నడుం ఎత్తి నిలబడింది.

"ఎలకలున్నాయని ఇంటికి నిప్పెట్టుకుంటామేటే? పొద నరికీసినాక ఉసిరి ఎక్కడ మొలుస్తాది, నీ నెత్తి మీదా? కత్తి దోపు."

ఆమె కత్తి దోపింది. అందరూ నవ్వారు, నేను కూడా. ఆ రోజు నవ్వింది అప్పుడొక్కసారే.

చట్రాల లోపలా బయటా అని చూడలేదు, అన్నీ పీకేశాం. ఇంకో రెండు రోజులు ఎక్కితే గానీ అయిపోలేదు. మూడో రోజు గదికి వచ్చి, స్నానం చేసి, సారుకి ఫోన్ చేసి పీకేశామని చెప్పాను.

"ప్లాట్ల లోపల కూడానా?" అన్నారు. చట్రాలు పరిచే చోట్లని ఆయన ప్లాట్లు అంటారు.

"లోపల కూడా సార్."

 "నాకు ముందు చెప్పాల్సిందమ్మా."

"చెబితే వద్దనేవారు."

"అనేవాణ్ణే" అన్నారు. కోపంగా కాదు. ఆయన కూడా అలిసిపోయినట్టున్నారు. ఆ ఏటి ఆఖర్న రిటైరవుతున్నారు, ఆ ప్రాజెక్టు ఆయనకి చివరిది. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

మిగిలిన రెండుసార్లు లెక్కలు ఉత్తినే పూర్తి చేశాం. రిపోర్టు పంపే ముందు నాకు చూపించారు. స్థానికుల జోక్యం వల్ల పై ప్లాట్లు చెడ్డాయని అందులో ఒక వాక్యం ఉంది. "స్థానికులు కాదు సార్, నేనని రాయండి" అన్నాను. చూస్తానన్నారు. మార్చారో లేదో నాకు తెలియదు. అచ్చయిన కాపీ ఎప్పుడో వచ్చింది గానీ నేను తెరవలేదు. ప్రాజెక్టు అయిపోయింది. పొడిగింపు రాలేదు. అరకులోనే ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతున్నాను. విజయనగరం వెళ్ళడానికి పెద్దగా కారణం కనపడలేదు.

ఆ ఉసిరి బతకలేదు. చుట్టూ శుభ్రం చేశాక కోలుకుంటుందనుకున్నాను. శివరాత్రి నాటికి పుల్ల అయింది. కరక మొలకల్లో రెండు, వేరే పొదల కింద, ఇప్పుడు ఈత మట్టల మీదుగా తల బయట పెట్టాయి. పెద్దమ్మ వాటిని చూసి సంతోషించింది గానీ, ఉసిరి పోయినందుకు ఇవి వచ్చాయని నన్ను ఓదార్చలేదు. ఆమెకి అలాంటి అలవాటు లేదు.

అప్పటి నుంచి ప్రతి శ్రావణంలో రెండుసార్లు ఎక్కుతాం. మొదటి ఏడు పదిమంది దాకా వచ్చారు. ఆ పై ఏడు ఆరుగురు. కింది పొదలు కిందే ఉన్నాయి, మాఘంలో గింజలు లేస్తూనే ఉన్నాయి. వాటిని ఆపే శక్తి మాలో ఎవరికీ లేదు. పీకిన చోట మళ్ళీ కొన్ని వస్తాయి. నిరుటి కన్నా తక్కువేనని ఒక ఏడు అనిపిస్తుంది, ఇంకో ఏడు అనిపించదు. నేను లెక్కలు రాయడం మానేశాను.

ఈ ఏడు పెద్దమ్మకి నిజంగానే మోకాళ్ళు పడిపోయాయి. అరుగు దిగడమే కష్టం. నేనూ, కోడలూ, వాళ్ళ పక్కింటావిడా ముగ్గురమే ఎక్కాం. పెద్ద పొదల దగ్గర పని బేగి అయిపోయింది, దొరికినవి తక్కువే. మామూలుగా అయితే అక్కడితో దిగిపోయేవాళ్ళం. కోడలు ఆవు ఒకటి అటు పోయిందని నెత్తి అవతలి వాలు మీదికి వెళ్ళి, అక్కడి నుంచి కేకేసింది. వెళ్ళి చూశాం. మేం ఇన్నేళ్ళూ అటువైపు దిగి చూడనే లేదు. ఒక చిట్టీత గుంపు మధ్యలోంచి రోడ్డు మొక్కలు నా భుజం దాకా లేచి ఉన్నాయి. నిరుటి ఎండు తొడిమలు వాటి మీద ఇంకా ఉన్నాయి.

కోడలు అక్కడే గడ్డిలో కూలబడింది. నేనూ కూర్చున్నాను.  ఆ తర్వాత లేచి, చేతనైనన్ని పీకాం. ముదురు మొదళ్ళు రాలేదు. వాటికి గునపం కావాలి. పువ్వు పుయ్యకుండా కొమ్మలు మటుకు విరిచి, బండల మీదికి ఎక్కించి దిగాం.

పెద్దమ్మ అరుగు మీదే ఉంది. మా మొహాలు చూసి అడగాల్సిన పని లేకపోయినా అడిగింది.

"ఎంతుంది?"

"అవతలి వాలు మీద చాలా ఉంది పెద్దమ్మా. నిరుడే పూసేసింది."

"అటు మనం ఎల్లలేదు కదా."

"వెళ్ళలేదు."

"అయితే గునపాలట్టుకుని ఎల్లుండి మల్లీ ఎల్లాల."

"ఎల్లుండి స్కూలుంది."

"ఆదివారం?"

నాకు రాలేననాలని ఉంది. నడుం విరిగిపోతోంది, అరచేతుల్లో ముళ్ళు ఇంకా తీసుకోలేదు. "ఆదివారం వస్తాను" అన్నాను.

ఆమె కోడలితో ఒరియాలో ఏదో చెప్పింది. కోడలు లోపలికి వెళ్ళి గిన్నెడు చోడి అంబలి, ఉల్లిపాయ తెచ్చి నా ముందు పెట్టింది. తాగాను. అలాగే గోడకి ఆనుకుని, తడి బట్టల్లోనే నిద్రపోయాను. ఎంతసేపయిందో తెలియదు, పెద్దమ్మ కర్రతో నా పాదం మీద తట్టింది.

"లెగు గుంటా, ఆఖరి జీపు పోతాది."

లేచి, సంచి భుజాన వేసుకుని, రోడ్డు మీదికి నడిచాను.